తెల్ల పొత్తులో పసుపు గింజలు

నాకు పెళ్ళయిన పదిహేడేళ్ళకి మా అత్తగారు నన్ను దొంగను చూసినట్టు చూడడం మొదలుపెట్టారు.

అంతకుముందు మా మధ్య తగువులు లేవని కాదు. పులుసులో ఉప్పు, గేదెకి కుడితి పెట్టే వేళ, హాస్టల్లో ఉండే పిల్లల చదువులు, అన్నింటికీ ఆవిడకో మాట ఉండేది, నాకో మూతివిరుపు ఉండేది. అవి ఏ ఇంట్లోనైనా ఉండేవే. ఇది వేరు. మాఘమాసంలో ఒక ఉదయం పొలంలోంచి తెచ్చిన మొక్కజొన్న పొత్తు వలిచి, తెల్లటి గింజల మధ్య అక్కడక్కడ ఉన్న పసుపు గింజల్ని బొటనవేలితో తడిమి, తలెత్తి నా ముఖంలోకి చూశారు.

"ఏం కలిపేవే?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "దేన్లో అండి?" అన్నాను.

"విత్తనంలో."

మాది గోదావరి మధ్య లంక. కొత్తపేట వైపు రేవులో పడవెక్కి పాయ దాటితే మా ఊరు. నా పుట్టిల్లు అమలాపురం దగ్గర. అక్కడంతా వరి, కొబ్బరి. పెళ్ళికి ముందు మొక్కజొన్న అంటే బస్టాండులో కుంపటి మీద కాల్చి, ఉప్పూ కారం రాసి ఇచ్చేదే నాకు తెలుసు. లంకలోకి వచ్చాక తెలిసింది, వరద తీసి ఒండ్రు ఆరగానే ఇక్కడ అందరూ వేసేది అదేనని. అందరూ వేసేది కంపెనీ విత్తనం. ఏటా రావులపాలెం వెళ్ళి కొట్లో కొనుక్కొస్తారు. ఒక్క మా అత్తగారు మాత్రం ఇంటి వెనక ఇరవై సెంట్లలో పాతరకం వేసేవారు. దానికి పేరంటూ లేదు. "మా పొత్తు" అనేవారు, అంతే.

ఆ పొత్తు చిన్నది. గింజ తెల్లగా పాలలా ఉంటుంది. గారెలు వేస్తే మెత్తగా, తియ్యగా వస్తాయి. పైపొరలు ఎంత బిగుతుగా కప్పుకుని ఉంటాయంటే చిలకలు కూడా విసిగి వెళ్ళిపోతాయి. ఒకే రకమని పేరే గానీ పొలంలో ఏ రెండు మొక్కలూ ఒకలా ఉండేవి కావు. ఒకటి మనిషిని మించి పెరిగితే పక్కది భుజం దగ్గర ఆగిపోయేది. ఒకదాని పీచు ఆకుపచ్చగా ఉంటే ఇంకోదానిది లేత గులాబి. నూటికి ఐదారు పొత్తులు వలవగానే మొత్తం ఎర్రగా, కుంకుమరంగులో బయటపడేవి. వాటిని అత్తగారు ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. తానే ఏరి, జడలా అల్లి, దేవుడి గూటి పక్కన వేలాడదీసేవారు.

"మా మావగారి తాతల నాటి విత్తనం. ఇందులో పరాయి గింజ ఒక్కటి లేదు," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు.

ఆ ఏడాది విత్తనాల వేళకి ఆవిడకి అమలాపురంలో కంటి ఆపరేషన్ అయింది. వంగకూడదు, దుమ్ములోకి వెళ్ళకూడదు అన్నారు డాక్టరుగారు. మొదటిసారి విత్తనం పొత్తులు దించి, వలిచి, ఏరి, విత్తే పని నా చేతికి వచ్చింది. ఆవిడ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మంచం మీంచే అన్నీ చెప్పేరు. చివరి గింజలు, మొదటి గింజలు తీసెయ్యమన్నారు. నడుమ గింజలే విత్తనానికి పనికొస్తాయన్నారు. ఎర్ర పొత్తుల్లోంచి ఒక గుప్పెడు తప్పకుండా వెయ్యమన్నారు. చెప్పింది చెప్పినట్టు చేశాను. ఆ పని నాకు అప్పజెప్పినందుకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

సరిగ్గా ఆ ఏడాదే మా ఆయన పక్కనున్న ఎకరంలో మిరప మానేసి పసుపు గింజ హైబ్రిడ్ మొక్కజొన్న వేశారు. పంట చేతికొచ్చేసరికి అత్తగారి తెల్ల పొత్తుల్లో పసుపు గింజలు వచ్చాయి. విత్తింది నేను. ఆ హైబ్రిడ్ విత్తనాల బస్తా ఇంట్లోనే ఉంది. ఇంకేం కావాలి?

"నేను కలపలేదండి," అన్నాను.

"నువ్వు కలపకపోతే దానంతటది కలిసిందా? నలభై ఏళ్ళు నా చేత్తో వేసేను. ఒక్కసారి నీ చేతికిస్తే ఇదీ."

"కలిపితే నాకేం వస్తుందండి?"

"ఏమో, నాకేం తెలుసు. బస్తాలో మిగిలిపోయిన గింజలు పారెయ్యలేక పడేసేవేమో. లేకపోతే ఈ ముసలిదాని గోల వదిలిపోద్దనుకున్నావేమో."

ఆ రెండో మాట నాకు లోపల గుచ్చుకుంది. ఎందుకంటే ఆ గోల వదిలిపోతే బాగుణ్ణని నేను అనుకోని ఏడాది లేదు. అనుకోవడం వేరు, చెయ్యడం వేరు. కానీ అనుకున్న ముఖం మీద ఏదో కనబడుతుంది కాబోలు.

మర్నాటి నుంచి విత్తనం పొత్తులు వంటింటి దూలం మీంచి మాయమయ్యాయి. ఆవిడ గదిలో మంచం కింద ఇనప్పెట్టెలోకి చేరాయి. తర్వాతి ఏడాది కళ్ళు బాగయ్యాయి కనుక ఆవిడే విత్తారు. నన్ను సాళ్ళు తీయడానికి మాత్రం రానిచ్చారు. పని అయ్యాక గట్టు మీద నిలబెట్టి, "చెంగు దులుపు," అన్నారు. పక్క పొలంలో నలుగురు ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారు. వాళ్ళు చూస్తుండగా నేను చెంగు దులిపాను. మట్టి తప్ప ఏమీ రాలలేదు. ఆ సాయంత్రానికి ఊరంతటికీ తెలిసిపోయింది. వరసకి నాకు తోడికోడలయ్యే ఒకావిడ రేవు దగ్గర ఎదురుపడి, నవ్వుతూ, "ఏమ్మా, అత్తగారి విత్తనం మార్చేశావంటగా," అంది. నేను కూడా నవ్వేశాను. ఇంటికొచ్చి బావి దగ్గర ముఖం కడుక్కుంటూ చాలాసేపు ఉండిపోయాను.

నేను కలపలేదని నాకు తెలుసు. మరి ఎవరు కలిపారు? నా అనుమానం మా ఆయన మీదికి మళ్ళింది. ఆ ఇరవై సెంట్లు కూడా తన ఎకరంలో కలుపుకోవాలని ఆయనకి ఎప్పటినుంచో ఉంది. ఒకరోజు ఆయన చొక్కా ఉతుకుతుంటే జేబులో రెండు పసుపు గింజలు దొరికాయి. అవి చేతిలో పెట్టుకుని వెళ్ళి అడిగాను.

"ఇవేంటండి?"

"గింజలు."

"మీ జేబులోకి ఎందుకొచ్చేయి?"

"రైతు జేబులో గింజలు కాకపోతే ఏముంటాయే? బంగారం ఉంటదా?" అని నవ్వారు. తర్వాత నా చూపు చూసి నవ్వు ఆపేశారు. "నన్ననుమానిస్తున్నావా? మా అమ్మ విత్తనం నేనెందుకు పాడుచేస్తాను?"

ఆ వారమంతా ఆయన నాతో ముక్తసరిగానే మాట్లాడారు. ఒక పొత్తులో నాలుగు పసుపు గింజలు వచ్చినందుకు ఇంట్లో ముగ్గురం ముగ్గుర్నీ ఓరగా చూసుకోవడం మొదలుపెట్టాం.

ఆ ఏడాది పంట అత్తగారి చేత్తో విత్తిందే. అయినా పసుపు గింజలు వచ్చాయి, ముందటికంటే ఎక్కువగా. ఇప్పుడైనా నా మీద నింద పోతుందనుకున్నాను. ఆవిడ పొత్తు తిప్పి తిప్పి చూసి, "పోయినేడు నువ్వు కలిపింది ఇంకా ఇందులో ఉందే," అన్నారు.

అప్పుడు నేనొక పని చేశాను. మా ఊళ్ళో వ్యవసాయ సహాయకురాలిగా పనిచేసే అమ్మాయిని రహస్యంగా అడిగాను, తెల్ల విత్తనం వేస్తే పసుపు గింజ ఎందుకొస్తుందని. ఆ పిల్లకి ఖాయంగా తెలియలేదు. ఫోటో తీసుకుని ఎవరికో పంపిస్తానంది. నెలలు గడిచాయి. నేను మర్చిపోయాను.

మూడో ఏడాది మొక్కలు మోకాలెత్తు వచ్చినప్పుడు పడవ దిగి ఒక అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. భుజాన సంచీ, చేతిలో కొలత టేపు, నెత్తిన టోపీ. ఒక పరిశోధన కేంద్రంలో మొక్కజొన్న మీద పని చేస్తున్నానంది. పాత నాటు రకాలు ఎక్కడ మిగిలాయో వెతుకుతున్నానంది. అత్తగారు అరుగు మీంచి లేవలేదు.

"మీకెవరు చెప్పేరమ్మా, మా దగ్గర ఉందని?"

"ఫోటో చూశానండి. ఈ ఊరినుంచే వచ్చింది."

అత్తగారు నా వైపు తిరిగారు. "నువ్వు పంపేవా?"

"లేదండి," అన్నాను. ఫోటో తీసింది ఆ పిల్ల, పంపింది ఆ పిల్ల, కాబట్టి అది పూర్తిగా అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. కానీ అది అబద్ధమే.

ఆ అమ్మాయి పొలంలోకి వెళ్ళి టేపు తీసేసరికి అత్తగారు కర్ర పట్టుకుని వెంట నడిచారు. ఆ రోజుల్లో మా లంకలో ఒక పుకారు తిరుగుతుండేది, దిండిలో లాగ ఇక్కడ కూడా రిసార్టు కడతారని, దానికోసం ఎవరో ఒకరు కొలతలకి వస్తారని. టేపు చూస్తే ఎవరికైనా అదే గుర్తుకొస్తుంది.

"కొలతలెందుకమ్మా?"

"భూమి కాదండి అమ్మగారూ, మొక్కని కొలుస్తున్నాను."

"భూమి కొలిచేవాళ్ళు కూడా ఇలాగే మొక్క దగ్గరే మొదలెడతారు."

ఆ అమ్మాయి కోప్పడలేదు. ఒక్కో మొక్క ఎత్తు, కాండం మందం, ఆకుల లెక్క, అన్నీ పుస్తకంలో రాసుకుంది. నేను పక్కన నిలబడి, ఇదంతా దేనికని అడిగాను.

"కొన్న విత్తనంలో అన్ని మొక్కలూ ఒకే ఎత్తు, ఒకే రోజు పూత కదండి. పంట బాగానే వస్తుంది. కానీ ఏదైనా తెగులొచ్చినా, నీళ్ళు నిలిచినా అన్నీ ఒకేలా దెబ్బతింటాయి. పాత విత్తనంలో ఏ మొక్క గుణం దానిది. ఒకటి ఎండకి ఓర్చుకుంటుంది, ఒకటి నీళ్ళకి ఓర్చుకుంటుంది. కొత్త రకం తయారుచేసేవాళ్ళు ఆ గుణాన్ని వీటిలోంచే వెతుక్కుని తెచ్చుకోవాలి. అందుకే ఈ తేడాలు కావాలి మాకు."

"తేడాలుంటే మంచిదేంటి?" అన్నారు అత్తగారు. "తేడా ఉంటే మా దగ్గర కల్తీ అంటారు." ఆ మాట ఆ అమ్మాయితో అన్నారు గానీ చూపు నా మీదే ఉంది.

ఆ అమ్మాయి వెళ్ళాక ఆవిడ నాతో, "వీళ్ళని నమ్మకు. వెనక ఒకడొచ్చి ఊరంతటికీ ఉచితంగా విత్తనాలు పంచేడు. బాగానే పండింది. ఆ పంటలోంచే తీసి మళ్ళీ వేస్తే వంకర పొత్తులు. వాణ్ణడిగితే, ఏటా కొనుక్కోవాలండి అన్నాడు. ఈలోగా అందరూ పాత విత్తనం తినేసేరు. నేనొక్కదాన్నే దాచేను," అన్నారు. ఆవిడ అనుమానానికి వేరు ఎక్కడుందో నాకప్పుడు కొంత అర్థమైంది. కొంతే.

మార్గశిరంలో తుపాను వచ్చింది. రెండు రోజుల వాన. ఇంటి వెనక పల్లంలో నాలుగు రోజులు మోకాలి లోతు నీళ్ళు నిలిచిపోయాయి. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే మా ఆయన ఎకరంలో పల్లపు సగం పాలిపోయి ఉంది. అత్తగారి ఇరవై సెంట్లలో పొడుగు మొక్కలు చాలావరకు బురదలో పడుకున్నాయి. కానీ మధ్యమధ్య పొట్టివి, లావు కాండాలవి, నిటారుగా నిలబడి ఉన్నాయి. వాటి మొదళ్ళ చుట్టూ నేలకి జానెడు పైనుంచి ఊతవేళ్ళు దిగి మట్టిని పట్టుకుని ఉన్నాయి.

ఆరోరోజు ఆ అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడుచుకుంటూ వచ్చింది. నిలబడ్డ మొక్కల్ని ఒక్కొక్కటిగా వంగి చూసింది. తర్వాత సంచీలోంచి చీటీలు తీసి వాటికి ఒక్కొక్కదానికీ కట్టింది.

"ఒక్క మొక్క తవ్వి చూసుకోనాండి, అమ్మగారూ?"

"వద్దు," అన్నారు అత్తగారు.

పడిపోయినది ఒకటి తవ్వుకుంటానంది. దానికి ఒప్పుకున్నారు. అది కూడా తన ఎదురుగానే తవ్వాలన్నారు.

పూతకి వచ్చేముందు ఆ అమ్మాయి మళ్ళీ వచ్చి, పీచు రాని లేత పొత్తులకి కాగితం సంచులు తొడిగింది. నాలుగురోజులకోసారి వచ్చి, తల మీద పూత దులిపి, ఆ పుప్పొడిని అదే మొక్క పొత్తు మీద చల్లి, మళ్ళీ సంచీ కట్టేది. నేను సాయం చేశాను. ఎందుకో నాకా పని నచ్చింది. అత్తగారికి మాత్రం ఆ సంచులు చూస్తే కంపరం.

"ఏం మందు పెడతంది అందులో?"

"మందు కాదండి, దాని పూతే."

"నీకు బాగా తెలుసా? నువ్వు చూసేవా?"

ఒక పొద్దున గేదెకి గడ్డి కోసుకొస్తూ చూస్తే సగం సంచులు చిరిగిపోయి ఉన్నాయి. పొత్తుల పీచు బయటికి వేలాడుతోంది. గట్టు మీద అత్తగారు కూర్చుని ఉన్నారు. ఒళ్ళో కాగితం ముక్కలు.

"దూడ పడింది," అన్నారు.

మా దూడ పాకలో కట్టేసి ఉంది. దూడకి కాగితం ముక్కలు ఏరే అలవాటు కూడా లేదు. మధ్యాహ్నం వచ్చిన ఆ అమ్మాయితో, "దూడ పడిందండి," అని నేను కూడా అన్నాను. ఆ అమ్మాయి చిరిగిన సంచుల్ని చూసింది, గట్టు మీది ఆవిడని చూసింది. "సగం ఉన్నాయి కదండి. సరిపోతాయి," అంది. సంచులు చిరిగిన పొత్తులకి గుర్తుగా నీలం దారం కట్టి వెళ్ళింది.

పంట చేతికొచ్చాక ఆ పొత్తులన్నీ మా అరుగు మీద పరిచాం. ఆ అమ్మాయి చాప మీద కూర్చుని ముందు సంచీ ఉన్నవి వలిచింది. మొదటిది తెల్లగా ఉంది. ఒక్క పసుపు గింజ లేదు. రెండోది తెలుపే. మూడోది మొత్తం ఎరుపు. నాలుగోది తెలుపు. తర్వాత నీలం దారం ఉన్నవి వలిచింది. ప్రతిదాన్లోనూ పసుపు గింజలు, ఒకదాన్లో నాలుగు, ఇంకోదాన్లో పాతిక.

అత్తగారు ముందుకు వంగారు. "ఇదంతా నా చేత్తో వేసిన విత్తనమే," అన్నారు నెమ్మదిగా.

"ఆయ్, మీ చేత్తో వేసిందేనండి," అంది ఆ అమ్మాయి. అంతలోనే మా మాట పట్టుకుంది. పొత్తు పీచుని వేళ్ళతో విడదీసి చూపించింది. "ఈ పోగులున్నాయి కదండి, ఒక్కో పోగు ఒక్కో గింజకి వెళ్తుంది. పోగు మీద ఏ మొక్క పుప్పొడి వాలితే ఆ గింజకి అదే తండ్రి. ఊళ్ళో మిగతా చేలు దూరం గానీ, ఈ పక్క ఎకరంలోనే పసుపు రకం ఉంది. గాలికి దాని పుప్పొడి వచ్చి వీటి మీద పడింది. సంచీ ఉన్నవాటి మీద పడలేదు. ఎవరూ ఏమీ కలపలేదండి."

నేను తలెత్తలేదు. ఎత్తితే ఏడుస్తానని తెలుసు. రెండేళ్ళు గాలి చేసిన పనికి నేను చెంగు దులిపాను.

అత్తగారు ఎర్ర పొత్తు తీసి చేతిలో పెట్టుకున్నారు. "మరి ఇది? ఇదీ గాలేనా?"

"కాదండి. ఎరుపు రంగు గింజ పైతోలుది. ఆ తోలు తల్లి మొక్కది. అందుకే వస్తే పొత్తంతా ఎర్రగా వస్తుంది, అక్కడో గింజ ఇక్కడో గింజ రాదు." ఆ అమ్మాయి చీటీలు తిప్పి చూస్తూ, "నీళ్ళలో నిలబడినవాటిలో ఎక్కువ ఇవేనండి. అమ్మగారూ, ఈ లంకలో పూర్వం ఎర్ర పొత్తులు ఇంకెవరైనా వేసేవారా?" అని అడిగింది.

"ఎవరూ లేరు."

"అయితే గాలికి వచ్చే అవకాశం లేదు. ఎప్పుడో ఎవరో ఎర్ర విత్తనం తెచ్చి, మీ తెల్లదాన్లో కలిపే ఉంటారు."

అత్తగారి ముఖం మారింది. పొత్తు కింద పెట్టేశారు. "ఎండెక్కుతోంది. పడవ పోద్ది. ఆ పిల్లకి మజ్జిగియ్యవే," అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం మా ఆయన కొత్తపేట వెళ్ళారు. ఇంట్లో మేమిద్దరమే. అరుగు మీద పొత్తులు ఏరుతున్నాను. ఆవిడ వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. నాకు ఇంకో మాట పడుతుందనే అనుకున్నాను.

"ఎర్రది మా పుట్టింటిది," అన్నారు.

నేను చేతిలో పొత్తు కింద పెట్టాను.

"ఏటికి ఎగువన ఇంకో లంక ఉండేది. మాది. ఏటా గోదారి కోతకి పోతా పోతా, నాకు పెళ్ళయ్యేసరికి మా నాన్న పొలం సగం ఏట్లో ఉంది. నన్ను పడవెక్కించేటప్పుడు మా అమ్మ ఎర్ర గింజలు గుప్పెడు కొంగున కట్టింది. ఇక్కడికొచ్చి మా అత్తగారినడిగేను, కొంచెం వేసుకుంటానని. పరాయి గింజ మా చేలో పడకూడదంది. ఆవిడ మాటంటే మాటే." ఆవిడ ఒక ఎర్ర పొత్తు దగ్గరికి లాక్కున్నారు. "విత్తనాల రోజు ఆవిడ అటు తిరిగినప్పుడు కలిపేసేను."

"ఆవిడకి తెలియలేదా అండి?"

"ఎర్రపొత్తులు రాగానే గొడవైంది. అమ్మవారి మహత్తని నేనే అన్నాను. నమ్మిందో లేదో, నోరెత్తలేదు. అప్పట్నించీ దేవుడి దగ్గర కడతన్నాను." చీర అంచుతో అద్దాలు తుడుచుకున్నారు. "నీ చేతికి విత్తనం ఇచ్చిన రోజు నాకదే గుర్తొచ్చింది. నేను చేసిన పనే నువ్వూ చేస్తావనుకున్నాను."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. రెండేళ్ళు నన్ను పదిమందిలో నిలబెట్టింది ఈవిడ తప్పేనా అనుకున్నాను. కానీ ఆ మాట అనబోయేసరికి నా అబద్ధం నాకు అడ్డొచ్చింది.

"ఆ ఫోటో నేనే తీయించానండి. లేదని చెప్పేను," అన్నాను.

"తెలుసు," అన్నారు ఆవిడ.

తర్వాత ఇద్దరం చాలాసేపు పొత్తులు ఏరాం.

నెల తర్వాత ఆ అమ్మాయి విత్తనం తీసుకోవడానికి కాగితాలతో వచ్చింది. అత్తగారు నా చేత రెండుసార్లు చదివించారు. ఇచ్చేవారి పేరు రాస్తారా, ఈ విత్తనం తిరిగి మేం వేసుకోవడానికి ఎవరి అనుమతైనా కావాలా, ఎవరైనా దీన్ని తమదంటే ఏం చెయ్యాలి, అన్నీ అడిగారు. ఆ అమ్మాయి తెలిసినవాటికి చెప్పింది, తెలియనివి తెలియదంది. తెలియదన్న దగ్గర అత్తగారు కొంచెం మెత్తబడ్డారు. అన్నీ తెలుసన్నవాళ్ళనే ఆవిడ బొత్తిగా నమ్మరు.

"ఈ విత్తనం మూలం ఏ ఊరండి?" అని అడిగింది ఆ అమ్మాయి కలం పట్టుకుని.

తెల్లదానికి మా ఊరి పేరు చెప్పారు. ఎర్రదానికి తన పుట్టింటి లంక పేరు చెప్పారు. ఆ అమ్మాయి ఫోనులో మ్యాపు తీసి వెతికింది. దొరకలేదు.

"అక్కడ నీళ్ళు చూపిస్తందా?" అన్నారు అత్తగారు.

"ఆయ్, నీళ్ళేనండి."

"అదే. రాసుకో."

ఆ తర్వాత ఏడాది ఆ అమ్మాయి ఫోను చేసి, మా ఎర్రవాటిని మడిలో నీళ్ళు నిలబెట్టి పరీక్షిస్తే కొన్ని బాగానే తట్టుకున్నాయని, ఇంకా చాలా ఏళ్ళ పని ఉందని, చివరికి ఏమవుతుందో చెప్పలేమని అంది. అత్తగారికి చెబితే, "మనమిచ్చింది ఎవరికైనా అమ్మేసిందేమో కనుక్కో," అన్నారు. మా ఆయన తన ఎకరంలో ఇప్పుడు అరటి వేశారు. రావులపాలెంలో గెల ధర బాగుందని వేశారు గానీ మా కోసం కాదు. ఊళ్ళో మిగతా పొలాల పూత మా పూతతో కలవకుండా మేం ఇరవై రోజులు ముందు విత్తుతున్నాం. ఇప్పటికీ పొత్తుకి ఒకటీ అరా పసుపు గింజ వస్తూనే ఉంటుంది.

మొన్న అత్తగారి రెండో కంటికి ఆపరేషన్ ఉంటే అమలాపురం బయల్దేరాం. పడవలో ఎదురు బల్ల మీద ఆ తోడికోడలు కూర్చుని ఉంది. కుశల ప్రశ్నలయ్యాక నవ్వుతూ నా వైపు చూసి, "ఈసారి విత్తనాలు మళ్ళీ దీని చేతికే ఇచ్చేరా ఏంటి పెద్దత్తయ్యగారూ? జాగర్తండోయ్," అంది. పడవలో పదిమందున్నారు. కొందరు నవ్వారు.

అత్తగారు కర్ర రెండు చేతులా పట్టుకుని నిటారుగా కూర్చున్నారు.

"అది కలపలేదు," అన్నారు, పడవ నడిపేవాడికి కూడా వినబడేట్టు. "ఆ పసుపు గింజలు గాలికొచ్చేయి. నిజంగా కలిపింది నేను. కాపరానికొచ్చిన ఏడే మా అత్తగారి కన్నుగప్పి ఎర్ర గింజలు కలిపేసేను."

మా ఆయనకి కూడా అప్పటికి ఆ సంగతి తెలియదు. తోడికోడలు ఆవిడని, నన్ను మార్చి మార్చి చూసింది. ఆమె కళ్ళలో జాలి లాంటిది కనబడింది.

"మీరెంత మంచోరండీ," అంది. "కోడలి తప్పు మీ నెత్తినేసుకుంటున్నారు."

అత్తగారు నా వైపు తిరిగారు. ఏదో చెప్పమన్నట్టు చూశారు. ఏం చెప్పినా తోడికోడలు నమ్మదని ఇద్దరికీ తెలుసు. "చెప్పేను కదా, ఇంకేం చెయ్యను," అని గొణిగారు. పడవ రేవుకి తగిలింది. బస్సుకి వేళవుతోందని నేను ముందు దిగి, ఆవిడకి చెయ్యి అందించాను.